వేలు దూరని పగులు

గుడ్డల కొట్టు షావుకారు చేతిలో ఆ పొద్దున ఉన్నది ఒక్క చీటీ. మేడమీద వాటాలో ఉంటున్న లారీ మెకానిక్ రాసిచ్చాడు. పాప దగ్గు తగ్గడం లేదు, డాక్టరు ఇల్లు మారమన్నారు, నెలాఖరుకు ఖాళీ చేస్తాం అని అందులో ఉంది. మూడేళ్లలో ఒక్క ఫిర్యాదు లేని బేరం ఎక్కడ చెడిందో ఆయనకు అంతుబట్టలేదు.

ఆయన భార్య కూడా చీటీ చదివింది. పిల్లలు లేని ఇల్లు. పైవాటా పాప మెట్లు దిగి వచ్చి దువ్వెన చేతికిచ్చి ఎదురుగా కూర్చుంటే గాని ఆవిడకు తెల్లారినట్టుండదు. చీటీ మడిచి ఆయన చేతికిస్తూ, "ఒకసారి పైకెళ్లి చూడరాదూ" అంది.

అద్దెకిచ్చాక అది వాళ్లిల్లు, పిలవకుండా గడప తొక్కకూడదని షావుకారుకు పట్టింపు. ఆ సాయంత్రం దాన్ని పక్కన పెట్టి తలుపు తట్టాడు. మెకానిక్ భార్య కుర్చీ వేసింది గాని, గోడ చూశాక ఆయన కూర్చోలేకపోయాడు. పాప మంచం వెనక నేల నుంచి కిటికీ దాకా అతుకుల బొంతలా ఉంది. ఒకచోట సిమెంటు, ఒకచోట పుట్టీ, ఇంకోచోట లారీ అద్దాల చుట్టూ పూసే నల్ల జిగురు. చెయ్యి ఆనిస్తే చెమ్మ తగిలింది.

ఎన్నాళ్లుగా అని అడిగితే రెండు వానాకాలాలుగా అన్నాడు మెకానిక్. ఒకచోట పూడిస్తే పక్కన చీలుతోందట.

"మరి నాకో మాట చెప్పొద్దా?"

మెకానిక్ నసిగాడు. అతని భార్య అందుకుంది. "చెప్పమని పోరుతూనే ఉన్నా బాబాయిగారూ. రూలు రూలే అంటాడు. రూలుకి దగ్గు తగ్గుతుందా అంటే మంచం ఇటు జరుపుతాడు."

ఆ రూలు షావుకారు రాసిందే. ముందుముందు పేచీలు రాకూడదని ఒప్పందంలో స్వయంగా చేర్చాడు: వేలు దూరే పగులు ఓనరు బాగుచేయించాలి, దూరనిది అద్దెకున్నవాళ్లు చూసుకోవాలి. మెకానిక్ ప్రతి పగులులోనూ నిజాయితీగా వేలు పెట్టి చూశాడు. ఆ వేలు సుత్తి పిడంత ఉంది. ఒక్కసారీ దూరలేదు.

కొత్తగా చీలిన చోట షావుకారు తన వేలు పెట్టాడు. రెండో కణుపు దాకా పోయింది.

ఆయన మంచం అంచున కూలబడ్డాడు. నలభై ఏళ్ల వ్యాపారంలో ఏనాడూ గుడ్డను మూరతో కొలిచి అమ్మినవాడు కాడు. ఎవరి మూర అయితే ఎవరికి నష్టమోనని ఇనపగజం తప్ప ముట్టలేదు. అలాంటివాడు ఇంటి దగ్గరికొచ్చేసరికి వేలితో కొలత పెట్టాడు.

"తప్పు నాదిరా అబ్బాయ్," అన్నాడు. "గోడలోకి నీళ్లు దిగుతుంటే పగులు వెంట్రుకంత ఉన్నా నాదే. నాకు పదిహేను రోజులు టైమివ్వు. అప్పటికీ వెళ్తానంటే సామాను బండి నేనే మాట్లాడి పెడతా."

మర్నాడు మేస్త్రీ డాబా ఎక్కి, వాననీళ్ల గొట్టం గోడ లోపలే పగిలిందని తేల్చాడు. గోడ కొట్టినన్ని రోజులూ పైవాటా ముగ్గురూ కింద షావుకారు ఇంట్లోనే ఉన్నారు. ముందుగదిలో గుడ్డల తానులు ఓ మూలకు నెట్టి పాపకు పక్క వేశారు. ఇల్లంతా దుమ్ము. షావుకారు భార్య రోజుకు మూడుసార్లు ఊడ్చింది, ఒక్కసారీ విసుక్కోలేదు. పని ముగిశాక కొత్త గొట్టం మీద గట్టివాన ఒకటి కురిసేదాకా మెకానిక్‌ను పైకి వెళ్లనివ్వలేదు. కురిసింది. గోడ తడవలేదు. నెలాఖరు వచ్చింది, బండి మాట ఎవరూ ఎత్తలేదు.

ఒకనాటి మధ్యాహ్నం మెకానిక్ భార్య మెట్ల మీద నుంచి సైగ చేస్తే షావుకారు దంపతులు చప్పుడు చేయకుండా పైకి వెళ్లారు. పాప గోడకు వీపు ఆనించి రెండు గంటలుగా నిద్రపోతోంది. గుమ్మంలో నిలబడ్డ మెకానిక్‌తో కలిసి నలుగురూ ఊపిరి బిగబట్టి విన్నారు. ఆ యేటి వ్యాపారంలో షావుకారుకు మిగిలింది అదే: దగ్గు లేని రెండు గంటల నిద్ర.