యుర్గిస్ తాత చోటు

ఆ లిథువేనియా పల్లెలో అడిగితే చొక్కా విప్పి ఇస్తారు గానీ, అడవిలో తమ పుట్టగొడుగుల చోటు మాత్రం చెప్పరు. కన్నబిడ్డలకైనా సరే. ఆ మాటకొస్తే పాదిరిగారు కూడా పాపాలన్నీ అడుగుతారు గానీ ఆ ఒక్కటీ అడగరు. పెద్దయ్యాక అయిదు పేర్లతో అయిదు దేశాల్లో గూఢచర్యం చేసిన మిల్దా పుట్టింది అలాంటి ఊళ్లో. ఇక ఆ పిల్లకు గూఢచర్యం నేర్పే బడి ఎందుకు చెప్పండి!

తాత యుర్గిస్ బుట్టనిండా తెచ్చే గోధుమరంగు పుట్టగొడుగులంటే ఊరంతటికీ కన్నుకుట్టు. ఎదురింటి ప్రానె రెండుసార్లు ఆయన వెంటపడి, రెండుసార్లూ దారి తప్పి ఏడుస్తూ వచ్చింది. మిల్దా ఎవరి వెంటా పడలేదు. బుట్ట అడుగున తెల్ల నాచు చూసింది, అది ఇసుక దిబ్బల మీదే పెరుగుతుంది. చెక్కబూట్లకు నల్ల బురద చూసింది, అంటే వాగు దాటాడన్నమాట. తొమ్మిదో ఏటికే చోటు కనిపెట్టి, ఒకరోజు వెళ్లి చూసి, నోరు కుట్టేసుకుంది.

పదకొండో ఏట, సెప్టెంబరులో ఒక శనివారం, మధ్యాహ్నమైనా తాత ఇల్లు చేరలేదు. అమ్మ గుండెలు బాదుకుంది. ఊరు ఊరంతా అడవి మీద పడింది, అందరికంటే ముందు ప్రానె. తాత ఎక్కడున్నాడో మిల్దాకు తెలుసు. చెబితే తాత దక్కుతాడు, నలభై ఏళ్లుగా దాచుకున్న చోటు పోతుంది. అది పోతే తాత మాత్రం ఏం మిగులుతాడు?

"నేను రోడ్డు వైపు చూసొస్తా" అని చెప్పి, దానికి ఎదురు దిక్కుకు పరుగెత్తింది.

తాత దిబ్బ పక్కన గోతిలో, వాచిన చీలమండ పట్టుకుని కూర్చున్నాడు. మనవరాలిని చూసి ఆనందించాల్సింది పోయి కళ్లెర్రజేశాడు.

"నువ్వెలా వచ్చావే ఇక్కడికి?"

"తర్వాత తిడుదువుగాని. ముందు లే తాతా, ప్రానె గొంతు దగ్గరికొచ్చేస్తోంది."

తాత వెంటనే లేచాడు. పిల్ల భుజం మీద చెయ్యేసి, పళ్లు బిగించి, కుంటుకుంటూ వాగు దాటి, ఏమీ మొలవని ముళ్లపొదల దాకా నడిచాడు. అక్కడ మిల్దా బుట్టలోని గొడుగులన్నీ పొద కిందికి బోర్లించి, పురుగు పట్టినవి నాలుగు ఏరి తిరిగి బుట్టలో వేసింది. కాలి నొప్పికి మూలగని మనిషి అప్పుడు మాత్రం మూలిగాడు.

"ఇక్కడున్నాడు! తాత ఇక్కడున్నాడు!" అని అప్పుడు అరిచింది మిల్దా.

ప్రానె రొప్పుతూ వచ్చి, ముందు బుట్టలోకి చూసి, ఆ తర్వాత కాలు చూసింది.

"ఇంతేనా మావా! ఈ ముళ్లకంపల కోసమేనా ఇన్నేళ్లు బిగుసుకున్నావు?"

"ఏం చేస్తాం ప్రానే, తెలిసిపోయిందిగా" అన్నాడు తాత, దిగాలుగా.

ఆ తర్వాత మూడు వారాలు ప్రానె కుటుంబమంతా ఆ ముళ్లపొదల్లో చేతులు గీరుకున్నారు.

ఇల్లు చేరిన మర్నాడు మంచంలో కట్టుకట్టిన కాలు చాపుకుని, పుల్లటి మీగడ వేసిన సూప్ తాగుతూ, తాత విచారణ మొదలెట్టాడు.

"ఎన్నాళ్లుగా తెలుసే నీకు?"

"రెండేళ్లు."

"ఎవరెవరికి చెప్పావు?"

"నీకే చెప్పలేదు. ఇంకెవరికి చెబుతాను?"

తాత పొట్ట పట్టుకుని నవ్వాడు. కాసేపటికి నవ్వు ఆగింది. ఈ పిల్ల ఇంట్లో మెదలకుండా కూర్చుని ఇంకేమేం పోగేసుకుందోనని భయం వేసింది.

"ఇంకా ఏం తెలుసు నా గురించి?"

మిల్దా తలుపు వైపు చూసింది. అమ్మ పెరట్లో ఉంది.

"ఈస్టర్ నుంచి నీకు కళ్లు సరిగ్గా ఆనడం లేదు. గొడుగుల్ని చేత్తో తడిమి ఏరుతున్నావు. నిన్న గొయ్యి కనబడలేదు."

తాత చేతిలో చెంచా ఆగిపోయింది. ఇది బయటపడితే కూతురు తనను గడప దాటనివ్వదని ఆయనకు తెలుసు.

"మీ అమ్మకి…?"

"ఊఁహూఁ."

తాత గిన్నె పక్కన పెట్టాడు.

"కాలు బాగవగానే వెళ్దాం. నువ్వు ముందు నడు" అన్నాడు.