తలనొప్పి అని చెప్పిందెవరు

"స్నానం అయిందా?"

నిఖిత తలుపు తీసుకుని లోపలికి అడుగుపెట్టగానే అత్తగారు అనంతలక్ష్మి సోఫాలోంచి అడిగే మొదటి మాట ఇది. ఇంకా చెప్పులే విప్పలేదు, స్నానం ఎక్కణ్ణుంచి అవుతుంది? అయినా రోజూ అదే ప్రశ్న. కరోనా ముదిరిన రోజుల్లో ఆ మాటకు అర్థం ఉండేది. ఆసుపత్రిలో నర్సు డ్యూటీ చేసి తిన్నగా వంటింట్లోకి రాకూడదని నిఖితే పెట్టుకున్న నియమం అది. తర్వాత టీకాలు పడ్డాయి, భయం తగ్గింది, నియమం మాత్రం మడిగా మారి ఇంట్లో పీట వేసుకు కూర్చుంది. కొడుకు కాపురం చూసి వెళదామని విజయవాడ నుంచి అబుదాబి వచ్చి, విమానాలు ఆగిపోయి, తిరిగి ఎగరడం మొదలుపెట్టాక కూడా ఇక్కడే ఉండిపోయిన అనంతలక్ష్మికి, నిఖితను అఫ్గాన్ శరణార్థుల క్లినిక్‌కి మార్చాక కొత్త కారణం దొరికింది. "ఎవరెవర్నో ముట్టుకుని వస్తావు. నేను దీపం పెట్టుకునే ఇల్లమ్మా ఇది."

అందుకని ముందు స్నానం. తర్వాత డ్యూటీ బట్టలు విడిగా మెషీన్‌లో వెయ్యడం. తర్వాత తడి జుట్టుకి తువ్వాలు చుట్టుకుని అత్తగారికి టీ, ఆ పైన పొద్దున్న నానబోసిన పప్పు రుబ్బడం, రాత్రికి కూర తరగడం. "తడి జుట్టుతో పొయ్యి దగ్గరేమిటే, జలుబు చేస్తుంది" అని కూడా ఆవిడే అంటుంది. జుట్టు ఆరేదాకా కూర్చుంటే వంట ఎవరు చేస్తారో మాత్రం చెప్పదు. భర్త మహీధర్ ఐకాడ్ పారిశ్రామికవాడలో ఒక స్టీలు కంపెనీ కొనుగోళ్ల విభాగం నుంచి వచ్చి, కాళ్లు కడుక్కోకుండానే సోఫాలో వాలి, వేడి వేడిగా ఏదైనా పెట్టమంటాడు. అతను రోజంతా ఎవరెవరితో చేతులు కలిపాడో, ఏ కాంటీన్‌లో ఎవరి పక్కన తిన్నాడో ఎవరూ అడగరు. ఒకసారి నిఖిత ఆ మాటే అంటే నవ్వేశాడు. "అమ్మ తృప్తి కోసం రెండు చెంబులు పోసుకుంటే నీ సొమ్మేం పోయింది?"

పోయేది సొమ్మయితే బాగానే ఉండునని నిఖితకు అనిపించింది. సొమ్ము పోతే ఫలానా పోయిందని చెప్పడానికి ఒక పేరైనా ఉంటుంది.

2021 ఆగస్టులో కాబూల్ నుంచి విమానాల్లో తీసుకొచ్చినవాళ్లకు అబుదాబి శివార్లలో ఒక వసతి సముదాయం ఇచ్చారు. అమెరికా వెళ్లేదాకా తాత్కాలికంగా అన్నారు. ఎండలు పోయి చలిగాలి వచ్చింది, మళ్లీ ఎండలు మొదలయ్యే సూచనలు కనిపిస్తున్నాయి, తాత్కాలికం మాత్రం కదల్లేదు. అక్కడి క్లినిక్‌లో చేరిన నర్సులందరికీ ముందుగా 'కల్చరల్ సేఫ్టీ' అని ఒక శిక్షణ ఇచ్చారు. మనం చేసే సేవ తనకు భద్రంగా ఉందో లేదో చెప్పాల్సింది నర్సు కాదు, ఆ సేవ అందుకునే మనిషి అని శిక్షణలో చెప్పిన మాట నిఖితకు బాగా నచ్చింది. అంత మంచి మాట క్లినిక్ గోడ మీదికి వచ్చేసరికి ఒక చార్టు అయింది. మగవాళ్లకు చెయ్యి చాచకండి. ఎడమ చేత్తో ఇవ్వకండి. ఆడవాళ్లకు వైద్యం చేసే ముందు ఇంటి పెద్దను అడగండి. మొదటి రెంటినీ జనం అప్పుడప్పుడూ మరిచిపోయేవారు గానీ మూడోదాన్ని ఎవరూ మరవలేదు. అది అందరికీ సుఖంగా ఉంది. భార్య కుర్చీలో కూర్చుంటుంది, భర్త పక్కన నిలబడతాడు, దుబాసీ రమీజ్ భర్తను అడుగుతాడు, భర్త చెబుతాడు, రమీజ్ ఇంగ్లీషులో చెబుతాడు, డాక్టరు మాత్ర రాస్తాడు. ఖలాస్. కుర్చీలో మనిషి లేకపోయినా ఈ పని ఇంతే సాఫీగా జరిగిపోయేది.

ఖుర్షీదా అలాగే వచ్చింది, తలనొప్పి అని. ఇక్కడికి వచ్చాకే ప్రసవమైన పిల్ల, ఒళ్లో పసివాడు. వారం తిరగకుండా మళ్లీ తలనొప్పి, మళ్లీ అవే మాత్రలు. ఇంకోసారి వచ్చినప్పుడు జ్వరం కూడా ఉంది. "భోజనం పెట్టెలు ముట్టుకోకుండా తిప్పి పంపుతోందట, మొండి మనిషి" అన్నాడు రమీజ్. నిఖిత ఆమె వంక చూసింది. నుదురూ చెవులూ కప్పి గట్టిగా బిగించిన గుడ్డ. ఏసీ గాలికి వీపు పెట్టి, పిల్లాణ్ణి ఒంటికి ఎడంగా, మోచేతి చివర పట్టుకుని కూర్చుంది. పాలు తాగే బిడ్డను ఏ తల్లీ అలా ఎడంగా పట్టుకోదు. భోజనం పెట్టెలో ఏముంటుందో నిఖితకు తెలుసు. చల్లటి పెరుగు, పళ్లరసం డబ్బా, ఫ్రిజ్‌లోంచి తీసిన సలాడు. ఆ పిల్లది మొండితనం కాదు, పథ్యం. బాలింతకు చలవ పనికిరాదని ఈమెకు ఎవరో పెద్దవాళ్లు చెప్పి ఉంటారు. ఆ పెద్దవాళ్లు ఇప్పుడు ఎక్కడున్నారో?

పిల్లాడు ఏడుస్తుంటే ఖుర్షీదా లోగొంతుకతో సముదాయించిన రెండు ముక్కలు ఉర్దూలా వినిపించాయి. నిఖిత నాన్న బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో పని చేశారు. ఆ క్వార్టర్స్‌లో పక్కింటి పిల్లలతో పెరిగిన ఉర్దూ ఆమెది. వంగి మెల్లగా అడిగింది. "ఉర్దూ వచ్చా మీకు?"

ఖుర్షీదా కళ్లు ఒక్కసారి పైకి లేచాయి. అక్కను పిలిచినట్టు పిలిచింది. "చిన్నప్పుడు పెషావర్‌లో ఉన్నాం బాజీ. క్యాంపులో."

నిఖితకు ఉత్సాహం పొంగుకొచ్చింది. రమీజ్‌నీ, ఆమె భర్తనూ బయట కూర్చోమని, యల్లా, ఇక పదండి అన్నట్టు తలుపు చూపించింది. ఇన్నాళ్లూ చెయ్యాలనుకున్న పని ఇప్పుడు చేసినట్టు అనిపించింది. రమీజ్ లేచి బయటికి వెళ్లాడు. భర్త రెండడుగులు వేశాడో లేదో, ఖుర్షీదా కుర్చీ అంచు పట్టుకుని సగం లేచింది.

"వద్దు బాజీ, ఆయన్ని పంపకండి. విమానాశ్రయం గేటు దగ్గర తొక్కిసలాటలో ఆయన తప్పిపోయారు. ఒక రాత్రంతా కనపడలేదు. అప్పట్నుంచి ఆయన కళ్లెదుట లేకపోతే నాకు ఊపిరి ఆడదు."

"మరి ఆయన ముందు చెబుతారా?"

"పరదా వేయండి. కింద ఆయన బూట్లు కనిపిస్తే చాలు నాకు." పిల్లాణ్ణి సర్దుకుంటూ అంది. "ఆయన్ని బయటికి పంపడం కాదు బాజీ. ఆయన్ని అడగడం మానండి."

నిఖితకు సిగ్గేసింది. చార్టు ఒక రకంగా ఈ మనిషి బదులు మాట్లాడితే, తను ఇంకో రకంగా మాట్లాడబోయింది. పరదా లాగింది. ఏసీ కట్టేసింది. కింద ఒక జత పాత బూట్లు, లేసులు లేనివి, కదలకుండా నిలబడ్డాయి. అప్పుడు ఖుర్షీదా శాలువా తీసింది. ఎడమ రొమ్ము రాయిలా గడ్డకట్టి, ఎర్రగా కమిలి, చెయ్యి దగ్గరికి తెస్తేనే సెగ తగులుతోంది. పరాయి మగవాడి చేత పరాయి భాషలో ఈ మాట చెప్పించడం ఎలాగో తెలియక, ప్రతిసారీ తల పట్టుకుని చూపించింది. అదే తలనొప్పి అయింది. నిఖిత ఉడుకునీళ్లలో గుడ్డ ముంచి కాపడం పెట్టింది, చేత్తో పాలు ఎలా పిండుకోవాలో చూపించింది, బిడ్డకు పాలు మానిపించొద్దని చెప్పి లేడీ డాక్టరును పిలిపించింది. ఇంకొంచెం ఆలస్యమైతే చీముపట్టి కోయాల్సి వచ్చేదని డాక్టరు అంది.

వెళ్లేటప్పుడు భర్త గుమ్మం దగ్గర ఆగాడు. అతనికీ పెషావర్ ఉర్దూ వచ్చు. "సిస్టర్, నాకూ ఆమె చెప్పలేదు. నేనూ అడగలేదు. మీరంతా నన్నే అడుగుతుంటే ఏదో ఒకటి చెప్పాలి కదా అని చెప్పాను."

ఆ మాట నిఖిత ఇంటిదాకా మోసుకొచ్చింది. పప్పు రుబ్బుతూ అత్తగారితో చెప్పింది కూడా. అనంతలక్ష్మి వింటూ వింటూ ఉన్నట్టుండి టీ కప్పు కింద పెట్టేసింది. "బాలింతను ఏసీలో కూర్చోబెట్టి పెరుగు పెడతారా? బుద్ధుందా వాళ్లకి? కాస్త మిరియాల చారు ఇచ్చే దిక్కులేదూ?" మహీధర్ ఫోన్ లోంచి తల ఎత్తకుండా, "కందకు లేని దురద కత్తిపీటకెందుకు? అవన్నీ వాళ్ల గవర్నమెంటులు చూసుకుంటాయిలే" అన్నాడు.

మర్నాడే నిఖిత ఇన్‌చార్జి సిస్టర్ షైనీ దగ్గరికి వెళ్లింది. షైనీది కొట్టాయం, ఈ దేశంలో ఏళ్ల తరబడి పాతుకుపోయిన మనిషి. సాయంత్రాలు ఆడవాళ్ల కోసం విడిగా ఒక గది కావాలి, అందులో ఆడవాళ్లే ఉండాలి, భర్తలు రావాలంటే పరదా ఇవతల కూర్చోవచ్చు, జవాబు మాత్రం ఆమే చెప్పాలి. అక్కడున్న నర్సుల్లో ఉర్దూ వచ్చినది తనొక్కతే కాబట్టి ఆ డ్యూటీ తనే చేస్తానని కూడా చెప్పింది. షైనీకి నచ్చింది, ముదీర్‌తో, అంటే క్లినిక్ మేనేజరుతో, మాట్లాడతానంది. ఖుర్షీదా జ్వరం తగ్గి కాపడం కోసం వచ్చినప్పుడల్లా అడిగేది. "ఎప్పుడు మొదలు బాజీ? మా బ్లాకులో ఇంకా ఉన్నారు. చెప్పుకోలేని చోట నొప్పి ఉన్నవాళ్లు." నిఖిత ఇదిగో అదిగో అంటూ వచ్చింది. చివరికి షైనీ గదిలోకి వెళ్లి నిలబడి అడిగింది.

షైనీ ఆశ్చర్యపోయింది. "మీకు తెలీదా? ముదీర్ ఎప్పుడో ఒప్పుకున్నారు. ఆ సాయంత్రమే మీకు ఫోన్ చేశాను. మహీధర్ సార్ ఎత్తారు, మీరు స్నానంలో ఉన్నారట. సాయంత్రాలు కుదరదు, ఇంట్లో అమ్మగారున్నారు అన్నారు. అందుకే ఆ గదికి ఇంకెవర్నైనా చూడమని ముదీర్‌కి చెప్పాను, ఎవరూ దొరకలేదు. ఖలాస్ అయిపోయింది."

"నన్ను అడగలేదేం మరి?"

"ఆయన చెప్పారు కదా!" షైనీ నిజంగానే అర్థం కానట్టు చూసింది. "మీ ఇళ్లల్లో భర్త వద్దన్నాక మళ్లీ మీ దగ్గరికి వస్తే మీకు ఇబ్బంది కదా అనుకున్నాను. మీ సంప్రదాయాన్ని గౌరవించాలి కదా, నిఖితా."

నిఖితకు నవ్వొచ్చింది. పదిమందిని చూసిన మనిషి, గోడ మీద చార్టు అతికించింది స్వయంగా ఆవిడే. అంత గౌరవంగా, అంత మర్యాదగా, తనను ఆ ఖుర్షీదా కుర్చీలో కూర్చోబెట్టేసింది. ఎవరి మీద కోప్పడాలి? ఇంకొక్క రోజు ఆ మాట ఖలాస్ చెయ్యొద్దని షైనీని బతిమాలుకుంది. బస్సులో కూర్చున్నాక మనసు ఊరుకోలేదు. కుదరదని అతను చెప్పి ఎన్నాళ్లయింది? ఆ సాయంత్రం తను తల తుడుచుకుంటూ బయటికి వస్తే ఫోన్ ఎప్పటిలాగే చార్జింగులో ఉంది. అతను "టీ" అన్నాడు, అంతే. దాచాడని కూడా అనలేం. దాచాలంటే ముందు అది చెప్పాల్సిన విషయమని తోచాలి. ఆఫీసువాళ్లు ఏ మగవాడికి ఫోన్ చేసినా, అది భార్య ఎత్తితే, "సార్‌కి ఇవ్వండమ్మా" అంటారు. ఆవిడ జవాబు రాసుకుని పెట్టేయరు. తన పెళ్లినాటి నుంచి ఇలాంటి జవాబులు ఎన్ని వెళ్లిపోయాయో? నిఖితకు కారం పడదు, నిఖితకు సినిమాలు ఇష్టం లేదు, నిఖిత ఈసారి ఊరికి రాదు, నిఖితకేం, హాయిగా ఉంది. అన్నీ ఎవరో ఒకరు చెప్పినవే. కొన్నాళ్లకు తనే నమ్మి, కారం తినడం మానేసింది కూడా.

ఇంట్లోకి వచ్చింది. "స్నానం అయిందా?" అని హాల్లోంచి వినిపించింది. మహీధర్ ఆ వేళ తొందరగా వచ్చి సోఫాలో ఉన్నాడు. నిఖిత స్నానానికి వెళ్లలేదు. డ్యూటీ బట్టలతోనే అతనికి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"షైనీ సిస్టర్ ఫోన్ చేస్తే కుదరదని చెప్పారట."

"ఎప్పుడు? ఆ, అదా!" అన్నాడు తేలిగ్గా. "నీ మంచికే చెప్పానులే. నీకు కాదనడం రాదు, ఎవరేది నెత్తిన పెట్టినా మోస్తావు. ఇప్పటికే అలిసిపోయి వస్తున్నావు. నీ తరఫున నేను కాదన్నాను, అంతేగా."

"అది వాళ్లు నెత్తిన పెట్టింది కాదు. నేను అడిగింది."

"నాకేం తెలుసు?"

"అడిగితే తెలిసేది."

"ఇప్పుడంత రాద్ధాంతం ఎందుకు నిఖితా? సాయంత్రాలు నువ్వు అక్కడుంటే ఇల్లేం కావాలి? అమ్మ ఒక్కతే ఉంటుంది. కాస్త ప్రాక్టికల్‌గా ఆలోచించు."

అలిసిపోతోందని కాదన్నాడు. ఇల్లేం కావాలనీ కాదన్నాడు. మొదటిది ప్రేమ, రెండోది అవసరం. ప్రేమను ముందు పెట్టి అవసరాన్ని వెనకాల నిలబెట్టడం ఇతనికి ఎవరూ నేర్పలేదు, ఊరికే వచ్చేసింది. అరవడానికి కూడా ఒక ఓపిక కావాలి, ఆ ఓపికను ఆమె ఇంకోచోట ఖర్చుపెట్టదలుచుకుంది. ఫోన్ తీసి, స్పీకర్ పెట్టి, షైనీకి కలిపింది.

"సిస్టర్, సాయంత్రం గది నేను చేస్తాను. వచ్చే వారం నుంచి వేసుకోండి."

అవతల షైనీ గొంతు తడబడింది. "సార్‌ని ఒకసారి అడిగి..."

"ఆయన నా ఎదురుగానే ఉన్నారు సిస్టర్, అన్నీ వింటున్నారు. అడగాల్సిన మనిషిని నేను. ఇకమీదట నా ఫోన్ ఎవరెత్తినా, నిఖితకు ఇవ్వండి అని చెప్పండి చాలు."

"సరే," అంది షైనీ. "సారీ నిఖితా" అని కూడా అంది.

మహీధర్ ముఖం ఎర్రబడింది. అనంతలక్ష్మి కొడుకు వంకా కోడలి వంకా మార్చి మార్చి చూసి, అసలు సంగతికి వచ్చింది.

"అంతా బాగానే ఉందమ్మాయ్. మరి రాత్రిళ్లు వంటో?"

నిఖిత లేచింది. అలసటగానే ఉంది, కానీ ఇన్నాళ్లలో మొదటిసారి ఆ ప్రశ్న తనది కాదని తెలిసింది.

"మీ అబ్బాయిని అడగండి అత్తయ్యా. నా సాయంత్రాలకు జవాబు చెప్పేది ఆయనే కదా."

అని స్నానానికి వెళ్లింది. తొందరేం లేదు గనక, నీళ్లు బాగా వేడెక్కేదాకా ఆగి మరీ పోసుకుంది. జుట్టు ఆరబెట్టుకుంటూ ఉండగా తలుపు అవతల నుంచి అనంతలక్ష్మి గొంతు వినిపించింది. అందులో కోపం లేదు, వెటకారం లేదు. ఆకలి వేసిన మనిషి మామూలుగా అడిగే ప్రశ్న అది.

"ఏరా మహీ, ఏం వండుతున్నావు?"