కొట్టేసిన పేరు

అబిగయీలు చేతిలోని కోవిడ్ రిపోర్టు చదివిన మిషన్, ఆ పేరుగల మనిషి కువైట్ విమానం ఎక్కేవాళ్ళ జాబితాలోనే లేదని తేల్చింది.

అద్దం వెనక ఉన్న అమ్మాయి ఇంకోసారి పెట్టి చూసింది. మళ్ళీ ఎర్ర గీత. పాస్‌పోర్టులో పేరు పోలేరమ్మ. రిపోర్టులో పేరు అబిగయీలు. ఇద్దరూ ఒకరేనని మిషన్‌కు చెప్పేదెవరు?

పోలేరమ్మ అనేది కన్నవాళ్ళు మొక్కుకుని పెట్టిన పేరు. రవి కుమార్‌ను పెళ్ళాడేముందు బాప్తిస్మం తీసుకుని ఆమె అబిగయీలు అయింది. సముద్రం ఒడ్డునున్న వాళ్ళ ఊరు మైపాడులో ఇప్పుడు పాత పేరు ఎవరి నోటా రాదు. అది బడి సర్టిఫికెట్లలో, పాస్‌పోర్టులో మాత్రమే మిగిలింది. అందుకే పొద్దున రిపోర్టు ఫోన్‌కు రాగానే ఆమె నెగటివ్ అన్న మాట ఒక్కటే చూసుకుంది. పేరు తప్పుగా కనిపించలేదు. అదీ తన పేరే కదా.

తొమ్మిదేళ్ళుగా ఆమె కువైట్‌లో నర్సు. సెలవుకు వచ్చిన నెలకే విమానాలు ఆగిపోయాయి. ఏడాదిన్నర గడిచాక ఇప్పుడు మళ్ళీ మొదలయ్యాయి. ఆసుపత్రివాళ్ళు ఆమె పర్మిట్ రెండుసార్లు పొడిగించారు, మూడోసారి కుదరదన్నారు. ఈ రోజు దాటేలోగా అక్కడ దిగకపోతే ఉద్యోగం పోయినట్టే. ఆ సంగతి ఆమె ఇంట్లో చెప్పలేదు. నెలాఖరు దాకా గడువుందని మాత్రం అంది.

ఇదివరకు ఈ చెన్నై విమానాశ్రయంలోనే, టికెట్‌లో ఒక అక్షరం తప్పు పడితే, బల్ల వెనక కూర్చున్న పెద్దాయన ఆమె ముఖం చూసి, నవ్వి, ముద్ర వేసి పంపేశాడు. తలుపులు మూసి ఉన్న ఈ ఏడాదిన్నరలో ఆ బల్ల పోయింది. కొత్త అద్దాలు, కొత్త గేట్లు, వరసగా మిషన్లు. అద్దం వెనక అమ్మాయి మంచిదే, గంటలో సరిచేసిన రిపోర్టు తెప్పిస్తే ఎక్కిస్తానంది.

అబిగయీలు నెల్లూరు ల్యాబ్‌కు ఫోన్ చేసింది. శాంపిల్ తీసిన విజయభాస్కర్ ఎత్తాడు. డాక్టరు సంతకం లేకుండా పేరు మార్చలేమని, డాక్టరు సాయంత్రం గానీ రాడని చెప్పాడు. ఆమె గట్టిగా తిట్టింది. అతను ఓపిగ్గా విన్నాడు.

"అక్కా, మీరిచ్చిన కాయితంలో ఉన్నట్టే ఎక్కించినాము. వెతికి ఫొటో పంపిస్తా, మీరే చూడండి."

ఫొటో రాలేదు. విమానం వెళ్ళిపోయింది.

తోడు వచ్చినవాళ్ళను లోపలికి రానివ్వడం లేదు గనుక రవి కుమార్ బయట కారు దగ్గరే ఉన్నాడు. అతను కృష్ణపట్నంలో కంపెనీ జీపు నడుపుతాడు. ఈ కారు స్నేహితుడిది. ట్రాలీ తోసుకుంటూ వెనక్కి వస్తున్న భార్యను చూసి ఏమైందని అడగలేదు. పెట్టెలు తీసుకుని డిక్కీలో సర్దాడు.

దారి పొడవునా అతనే మాట్లాడాడు. ల్యాబ్‌వాళ్ళకు బాధ్యత లేదన్నాడు. వచ్చే గురువారం ఇంకో విమానముందన్నాడు. ఆదివారం కూతురు డెబోరా బాప్తిస్మం కళ్ళారా చూడొచ్చని, పదమూడేళ్ళ పిల్ల ఎంత సంబరపడుతుందోనని అన్నాడు. మామూలుగా అతను ఇంత మాట్లాడే మనిషి కాదు.

సూళ్ళూరుపేట దాటి దొరవారిసత్రం దగ్గరికి వస్తుండగా ఆమె ఫోన్ మోగింది. విజయభాస్కర్ పంపిన ఫొటో. మొన్న ఆమె ముక్కులో పుల్ల పెట్టించుకునే వరసలో నిలబడి ఉంటే, పాస్‌పోర్టు ముందు పెట్టుకుని రవి నింపిన కాగితం. నంబరు సరిగ్గా ఉంది. పుట్టిన తేదీ సరిగ్గా ఉంది. పేరు దగ్గర 'పోలే' అని రాసి, కొట్టేసి, పక్కన అబిగయీలు అని రాసి ఉంది.

ఆమె ఆ కొట్టేసిన గీతను వేళ్ళతో పెద్దది చేసి చూసింది.

"గురువారం లేదయ్యా," అంది. "పర్మిట్ ఈ పొద్దుతో సరి."

కారు రోడ్డు పక్కకు దిగి ఆగింది.

"నెలాఖరన్నావే."

"గడువు ఒక్క దినమే ఉందంటే, ఏం పరుగులు, ఉద్యోగం మానుకో అంటావని చెప్పలా." ఫోన్ అతని ముందు పెట్టింది. "అలవాటుగా రాసినానని చెప్పు. నమ్మతా."

రోడ్డవతల కోసిన పొలంలో కొంగలు తిరుగుతున్నాయి. అతను స్టీరింగు మీద నుంచి చేతులు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"అలవాటు కాదు మే. నేనే కొట్టేసినా. ముందు పోలేరమ్మ అనే మొదలుపెట్టినా. సగం రాసేసరికి చెయ్యి ఆడలా. ఈ ఏడాదిన్నర తప్ప, నీ బిడ్డ బడిలో చేరింది మొదలు ఏదీ నువ్వు దగ్గరుండి చూళ్ళా. ఆదివారం అది సముద్రంలో దిగేటప్పుడు నువ్వు గట్టున ఉండాలనుకున్నా. ఈ విమానం పోతే వచ్చే వారం పోతావు, ఏమయిద్దిలే అనుకున్నా. పోలేరమ్మయితే పోతది, అబిగయీలయితే నాకాడ ఉంటది, అంతే తోచింది ఆ నిమిషాన. ఈ పొద్దే ఆఖరని నాకు తెలవదు మే. తెలిసుంటే ఆ పేరు నేనే దిద్ది రాసి, నిన్ను ఎక్కించి వచ్చుందును."