ఏడాది పొడుగునా ఆషాఢం

కోడలికి వేవిళ్లని విని మా అత్త చెన్నమ్మ చింతతొక్కు జాడీతో కదిరి నుంచి మేం కాపురముంటున్న కాడుగోడికి వచ్చింది. తీరా వచ్చేసరికి నేను ఆసుపత్రిలో ఉన్నాను. నా కడుపులో పెరిగింది బిడ్డ కాదట, ద్రాక్షగుత్తిలాంటి నీటి బుడగలట. శుభ్రం చేశారు. ఏడుపు ఎంత వచ్చిందో కోపం అంతకు రెండింతలు వచ్చింది. ఎవరిమీద చూపించాలో తెలియక మా ఆయన లింగన్న మీద చూపించాను.

నర్సు రాచెల్ మా తెలుగామే. ముగ్గురినీ కూర్చోబెట్టి విడమరిచి చెప్పింది. బుడగల ముక్క ఏదైనా లోపల మిగిలితే మళ్లీ పెరుగుతుంది, ముదిరితే క్యాన్సరు కావచ్చు. గర్భం వస్తే రక్తంలో పెరిగే హార్మోను ఒకటుంది. అది పూర్తిగా దిగి, మళ్లీ లేవకుండా ఉండాలి. అందుకు మొదట వారం వారం, తర్వాత నెలనెలా రక్తపరీక్ష. ఈలోగా గర్భం వస్తే హార్మోను ఎలాగూ లేస్తుంది, అది బిడ్డవల్లో బుడగలవల్లో తెలియదు. అందుకే డాక్టరమ్మ సరేననేదాకా గర్భం రాకూడదని మాత్రలు ఇచ్చారు. ఏడాది పట్టొచ్చన్నారు.

మా అత్తకు మాత్రల మీద నమ్మకం లేదు, ఆషాఢం మీద ఉంది. డాక్టరమ్మ ఒప్పుకునేదాకా ఈ ఇంట్లో ఆషాఢమేనని తేల్చేసింది. ఆషాఢంలో అత్తాకోడళ్లు ఒకే గడప దాటకూడదంటారు. మా అత్త, దాటే గొడవే లేకుండా, రోజూ రాత్రి గడపకు అడ్డంగా చాప పరిచి పడుకునేది. లోపల నేను, బయట వసారాలో మా ఆయన. మాత్రలున్నాయి కదా అని ఆయన ఎంత మొత్తుకున్నా ఆమె వినలేదు.

వఠారంలో వాళ్లు మా మొగుడూ పెళ్లాలకు చెడిందనుకున్నారు. ఇంటి ఓనరు తిమ్మరాయప్ప రాజీ చేయడానికి వచ్చాడు. అత్త ఆయనకు కాఫీ ఇచ్చి, మాకు ఆషాఢమని చెప్పింది. అది కార్తీకమాసం. ఆయన కాఫీ తాగి వెళ్లిపోయాడు.

దిగుతూ దిగుతూ హార్మోను ఒకచోట మొండికేసింది. ఇంకోసారి చూద్దాం, దిగకపోతే క్యాన్సరు మందు ఇంజెక్షన్లు మొదలుపెట్టాలన్నారు. నీకు మనవణ్ణి ఇవ్వలేకపోతే ఏం చేస్తావని తిరుగు బస్సులో అత్తను అడిగేశాను, కోపంగానే.

"మనవడు యాడికి పోతాడు అమ్మణ్ణీ? ముందు నువ్వు ఉండల్ల," అంది.

బస్సులో అందరిముందూ ఏడ్చాను. ఆమె కొంగు తడిసిపోయింది.

మరుసటి పరీక్షలో దిగింది. ఆ పైన పూర్తిగా దిగి, అక్కడే ఉండిపోయింది. నెలలు గడిచాయి. చివరికి డాక్టరమ్మ ఇక మాత్రలు మానేయవచ్చంది, ఈసారి నెల తప్పగానే స్కానింగుకు రమ్మంది. మా ఆయన ముఖం మతాబాలా వెలిగింది. ఇంటికొచ్చి క్యాలెండరు చూడగానే మళ్లీ ఆరిపోయింది. అసలు ఆషాఢం ఆ రోజే మొదలైంది. ఆషాఢంలో కడుపు పండితే మండుటెండల్లో కాన్పు వస్తుందని కదిరిలో కొత్త జంటలకు కాపలా కాసిన మనిషి మా అత్త. ఆయన చాప తీసుకుని వసారాలోకి నడిచాడు.

"యాడికిరా ఆ చాప?" అంది అత్త.

"ఆషాఢం కదమా."

"మన ఆషాఢం అయిపాయ. ఇది ఊరోళ్లది," అంటూ గడప మీది తన చాప చుట్టేసి సంచి సర్దుకుంది.

కదిరి బస్సు ఎక్కించడానికి నేనూ బయల్దేరాను. చెయ్యీ చెయ్యీ పట్టుకుని, ఆషాఢంలో, ఇద్దరం ఒకే గడప దాటాం.