ఖాళీ అనుకున్న గలీబు

మా ఆయన పని పాముల్ని పట్టడం, కొలవడం, మళ్ళీ తీసుకెళ్ళి వదిలేయడం. వాటిని దేంట్లో తెస్తాడనుకున్నారు? నా దిండు గలీబుల్లో. మెత్తగా ఉంటాయట, గాలాడుతుందట. కొత్త గలీబు కొనడం పాపం, పాముల పాలే.

ఆ మధ్యాహ్నం రెండు తెచ్చి, మూతులు ముడివేసి, స్నానాల గదిలో కొక్కేనికి తగిలించాడు. ఒకదాంట్లో ఆయన ముద్దుల సన్నపాము. వేలంత లావు, కంచు రంగు. పగలంతా కొమ్మల మీద బల్లుల వెంట పడుతుంది, రెప్ప వేసేలోపు మాయమవుతుంది. దానివల్ల మనిషికి ప్రాణభయం లేదు. రెండోదాంట్లో కట్లపాము పిల్ల. అదీ సన్నమే గానీ, కరిస్తే ఇక అంతే సంగతులు. ఏది ఏదో చీటీ కట్టాలి. మహానుభావుడు, అన్నం తిన్నాక కడదామనుకున్నాడు.

తినొచ్చి చూస్తే కొక్కేనికి ఒకటే ఉంది.

"అత్తయ్యా, ఇక్కడి గలీబేది?" అని కేకేశాను.

"ఉతికిన గలీబుకు ముడేంటమ్మా, నీ బద్ధకం కాకపోతే? విప్పి చిన్నదాని దిండుకు తొడిగాను. ఖాళీదేగా" అంది ఆవిడ వంటింట్లోంచి.

ఖాళీగానే అనిపిస్తుంది మరి. సన్నటి పాము గుడ్డ మూలన నక్కితే బరువేం తెలుస్తుంది?

పడగ్గదిలోకి పరిగెత్తాం. రెండేళ్ళ మా చిన్నది ఆ దిండు మీదే నిద్రపోతోంది. గలీబు మూతిలోకి మోచేతి దాకా చెయ్యి దూర్చనిదే దానికి నిద్ర పట్టదు. ఆ చేతి పక్కనే గుడ్డ మెల్లగా కదిలింది.

నేను దూకబోయాను. మా ఆయన నా రెక్క పట్టుకున్నాడు.

"కదలకు. అది సన్నపామే."

"మీకెలా తెలుసు?"

"కొక్కేనికున్నదాని బరువు చూశాను. కట్లపాము అందులోనే ఉంది. చెయ్యి లాగితే ఇది బెదురుతుంది. దానంతటదే రానీ."

ఆ మాట పట్టుకునే నిలబడ్డాను. లేకపోతే నా తరమా? చిన్నది నిద్రలో వేళ్ళు ఆడించింది. నాకు పై ప్రాణాలు పైనే పోయాయి.

మోచేతి పక్కనుంచి సన్నటి మూతి బయటికొచ్చింది. తర్వాత పెద్ద పెద్ద గుండ్రటి కళ్ళు, కంచు రంగు మెడ. తలెత్తి అటూ ఇటూ చూసింది. అంతే, మంచం దిగింది, పరదా ఎక్కింది, కిటికీలోంచి వెళ్ళిపోయింది.

మా ఆయన గోడకు జారగిలబడి కూర్చుండిపోయాడు. చొక్కా తడిసి ముద్దయింది.

"బరువు చూశానన్నారుగా, ఇంత చెమటేంటి?" అన్నాను.

"చూడలేదు. కొక్కేనికున్న గలీబు ముట్టుకోనే లేదు" అన్నాడు. "నువ్వు దూకితే దాని చెయ్యి కదిలేది."

తిట్టడానికి నోరు తెరిచాను. నాకు తిట్లకేం కొదవ? అవన్నీ రేపటికి దాచుకున్నాను. చిన్నదాన్ని ఎత్తి ఆయన చేతుల్లో పెట్టాను. ఆ చేతుల కింద నా చేతులు కూడా ఉంచాను.