భాగ్య గొంతు ఫైలు

నాంపల్లి దవాఖానలో ఆ ఉదయం భాగ్య లాప్‌టాప్ మాట్లాడటం మానేసింది.

ఆమె సొంత గొంతు పోయి మూడేళ్లయింది. నరాల జబ్బు కాళ్లతో మొదలై, చేతులు పట్టి, చివరికి నాలుకనూ తీసుకుపోయింది. మిగిలింది కుడిచేతి చూపుడువేలు. ఆ వేలి కింద ఒక బటన్. తెరమీద అక్షరాలు ఒక్కొక్కటే వెలుగుతూ పోతుంటే కావలసినదాని దగ్గర నొక్కుతుంది. మాట పూర్తికాగానే లాప్‌టాప్ దాన్ని పైకి చదువుతుంది. ఈ పద్ధతి చేతికి రావడానికి ఆమెకు నెలలు పట్టింది. బస్సు కండక్టరుగా రోజంతా జనంతో అరిచే ఆమె భర్త కరుణాకర్, ఇంటికొచ్చి ఆ గొంతు వింటేగాని అన్నం ముట్టేవాడు కాదు.

ఇప్పుడు ఆమెకు ఊపిరి కూడా అందడం లేదు. మెడ దగ్గర రంధ్రం చేసి గొట్టం వేస్తే బతుకుతుందని, ఇక జీవితాంతం మెషిన్ మీదే ఉండాలని డాక్టరమ్మ చెప్పింది. "ఆమె ఏమంటదో కనుక్కోండి. సాయంత్రం దాటితే మా చేతుల్లో ఉండదు."

కరుణాకర్ అట్టమీద అక్షరాలు రాసి వేలితో చూపించాడు. ఆమె వేలు బటన్ నొక్కేంతే కదులుతుంది, కంటికి సరిగా ఆనదు. భాగ్య రెప్పలు అలసటతో వాటంతటవే వాలిపోతున్నాయి. ఏ అక్షరం దగ్గర కావాలని వాల్చిందో తెలియలేదు. పోయిన నెల ఒక రోజు ఆమె "ఇగ చాలు" అని రాసింది. ఆ మాట పొద్దుటి నుంచి అతని చెవుల్లో తిరుగుతోంది. వద్దని చెప్పేద్దామా? చెప్పాక, అది ఆమె మాట కాదని తేలితే?

బటన్‌తో సహా లాప్‌టాప్ చంకన పెట్టుకుని అబిడ్స్‌కు పరుగెత్తాడు. పెద్ద పోస్టాఫీసు వెనక సందులో, మెట్ల మీది గదిలో జిప్పోరా కంప్యూటర్లు బాగుచేస్తుంది. అతను చెప్పిందంతా విని, ఆమె చేతిలోని పని పక్కన పెట్టేసింది.

"రాత్రి అప్‌డేట్ అయిందన్నా. మాటలు పలికించే ఈ ప్రోగ్రాం పాతది. ఎక్కించినప్పుడు కంప్యూటర్‌ను నడిపే సిస్టం ఫైలు ఒకటి తీసేసి, అదే పేరుతోని తన గొంతు ఫైలు పెట్టుకుంది. ఇప్పుడు సిస్టం తన అసలు ఫైలు తెచ్చి మళ్ల గాడ పెట్టింది. అందుకే ఇది తెరుచుకుంటలేదు."

"మరి మనది మళ్ల పెట్టున్రి."

ఆమె ప్రయత్నించింది. అనుమతి లేదని తెరమీద పడింది.

"కంప్యూటర్ నాది. నాకే పర్మిషన్ లేదంటదేంది?"

"మీ పేరు చెప్పుకునే వైరస్ గూడ వస్తది. ఎవరు మంచోళ్లో దానికెట్ల తెలుస్తది? అందుకే తన ముఖ్యమైన ఫైళ్లను ఎవర్నీ ముట్టనియ్యదు."

"ఆ కాపలా తీసెయ్యున్రి మేడం! నా భార్య గాడ ఊపిరాడక కొట్టుకుంటాంది!"

"తీస్తే కంప్యూటరే లేవకపోవచ్చన్నా."

"తీయున్రి!"

జిప్పోరా ఇష్టం లేకుండానే అడ్డు తొలగించింది. ఫైలు మార్చి లాప్‌టాప్‌ను మళ్లీ ఆన్ చేసింది. కంప్యూటర్ లేవలేనప్పుడు పడే నీలం తెర వచ్చింది. ఆరిపోయింది. మళ్లీ నీలం తెర.

కరుణాకర్ బయటికొచ్చాడు. మెట్లమీద కూలబడి తల పట్టుకున్నాడు. తన తొందరతో మిగిలిన ఆ కాస్త గొంతునూ తానే నొక్కేశాడు. కింద ఆటోల హారన్లు మోగుతున్నాయి. ఫోన్ కూడా మోగింది. దవాఖాన నుంచి నర్సు. "ఎక్కడున్నరు? జల్ది రాండ్రి."

"అన్నా, జర ఆగు," అని లోపలినుంచి జిప్పోరా పిలిచింది. "సిస్టం తన ఫైలు కాపీ తనే దాచుకుంటది. దాంతోనే లేపుతున్న."

లాప్‌టాప్ లేచింది. కానీ ప్రోగ్రాం మాత్రం తెరుచుకోలేదు. ఆమె ఫోల్డర్లు ఒక్కొక్కటే తెరిచి చూసింది. ఉన్నట్టుండి కుర్చీ ముందుకు జరుపుకుంది.

"మనం దాని ఇంట్లకెందుకు పోవాలె? గొంతు ఫైలును ప్రోగ్రాం సొంత ఫోల్డర్‌ల పెడ్త. మొదలు గీడనే వెతుక్కోమని ప్రోగ్రాంకు చెప్త. సిస్టందాన్ని ముట్టేదే లేదు."

అక్షరాలు వరుసగా వెలగడం మొదలైంది. ఆమె బటన్ నొక్కింది. "అమ్మ" అని పలికింది లాప్‌టాప్. కరుణాకర్ దండం పెట్టబోతే ఆమె లాప్‌టాప్ చేతిలో పెట్టి అతన్ని మెట్లవైపు తోసింది. "పో అన్నా, పో!"

అతను వార్డుకు చేరేసరికి భాగ్య పెదవులు నల్లబడుతున్నాయి. డాక్టరమ్మ మంచం పక్కనే ఉంది. కరుణాకర్ బటన్‌ను వేలి కింద పెట్టి, గొట్టం సంగతి మళ్లీ చెప్పాడు. ఒక్కో అక్షరానికీ ఒక యుగం పట్టింది.

"వెయ్యమను. నాకు చావాలని లేదు. మస్తు భయమైతాంది."

కరుణాకర్ డాక్టరమ్మవైపు తిరిగి తలూపాడు. వద్దని చెప్పడానికి పొద్దున రెండుసార్లు డాక్టరమ్మ గది దాకా వెళ్లి వచ్చాడు. మంచాన్ని తోసుకుపోతుండగా వేలు మళ్లీ కదిలింది.

"పొద్దటి సంది ఎటువోయినవ్?"

"అబిడ్స్ పోయిన భాగ్యా, గిదే వస్తిని," అంటూ మంచం వెంట నడిచాడు, తలుపులు మూసుకునేదాకా.

చీకటి పడేవేళకు గొట్టం వేశారు. మెషిన్ ఆడినప్పుడల్లా ఆమె రొమ్ము లేచి పడుతోంది. కళ్లు తెరవలేదు, వేలు కదల్లేదు. మత్తు దిగడానికి టైం పడుతుందన్నారు. కరుణాకర్ బటన్‌ను ఆ వేలి కిందకు జరిపి, స్టూలు దగ్గరకు లాక్కుని కూర్చున్నాడు.