చిన్మయి వెనకాల నడిచిన రాగి చెంబు

రోజూ ఉదయం ఏడింటికల్లా శేషాచలం చెన్నై చూలైలోని తన పాత్రల కొట్టు షట్టరు పైకెత్తి, గుడ్డ తీసుకుని ఒక్కో పాత్రా తుడిచేవాడు. ఇనప పెనాలు గోడకి మేకుల మీద, ఇత్తడి గుండిగలు నేలమీద, రాగి చెంబులు కొయ్య అలమరలో ఉండేవి. ఆ వేళకి ఆయన కూతురు చిన్మయి కాఫీ తాగేసి, కొట్టు వెనక గదిలో క్యారమ్ బోర్డు మీద పౌడరు చల్లుకుని, బడికి బస్సెక్కేలోపు ఒక గంట ఆడుకునేది. జార్జి టౌన్‌లోని ఒక బడిలో ఆమె లెక్కల టీచరు. వయసు ముప్ఫై ఏడు. పదేళ్ళ పిల్లగా ఉన్నప్పుడే చూలై వీధుల్లో పెద్దవాళ్ళని కూర్చోబెట్టి ఓడించింది. రాష్ట్ర పోటీల్లో మాత్రం రెండుసార్లు ఫైనల్ దాకా పోయి, రెండుసార్లూ ఒట్టి చేతులతో వచ్చింది.

ఆ కొట్లో పాత్రలకి ఒక అలవాటుంది. లోపలికొచ్చిన మనిషి ఒంట్లో ఏ లోహం తక్కువైతే ఆ లోహపు పాత్ర వాళ్ళ దగ్గరికి పోయేది. పక్క సందులో ప్రింటింగు ప్రెస్సు నడిపే అరుముగం ఒకసారి గుండిగ బేరం చేస్తుంటే, ఇనప పెనం మేకు మీంచి దిగి, దొర్లుకుంటూ వచ్చి ఆయన కాలికి ఆనుకుంది. ఆయన దాన్ని పక్కకి జరిపి బేరం సాగించాడు. పోయేటప్పుడు శేషాచలం, "రక్తం చూపించుకో సామీ" అన్నాడు. ఆయన చూపించుకున్నాడు. చూలై జనానికి ఇది కొత్త కాదు. ఏమీ కొనకపోయినా, ఏడాదికోసారి వచ్చి కాసేపు నిలబడి పోయేవాళ్ళూ ఉన్నారు.

జూన్‌లో బడి తెరిచిన వారానికి చిన్మయి చేతిలోంచి సుద్దముక్క జారింది. తీసుకుంది. మళ్ళీ జారింది. కుడిచేతి వేళ్ళు తనవి కానట్టు, ఉన్నితో చేసినట్టు అనిపించాయి. పాదాల్లోనూ తిమ్మిరి. రెండంతస్తుల మెట్లెక్కితే ఆయాసం. క్యారమ్ బోర్డు దగ్గరైతే మరీ కష్టం. స్ట్రైకర్‌ని వేలు తాకిందో లేదో కంటితో చూసుకోవాల్సి వచ్చేది.

తమ్ముడు కేదార్ ఒక జిమ్‌లో ట్రైనరు. అక్కంటే ప్రాణం. ఆమె ఈ సంగతి చెప్పిన సాయంత్రమే కొట్టుకి రెండు డబ్బాలతో వచ్చాడు.

"మొహం చూడు, ఎట్లా తెల్లగా పాలిపోయుండాదో. ఐరన్ తక్కువ, అదే సంగతి. ఇది పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. జింక్ ఎట్లాగూ వేసుకుంటా ఉండావు కదా, దాన్ని ఇంకొంచెం పెంచు. ఒంట్లో బలం వస్తాది."

జింక్ బిళ్ళలు కూడా వాడు తెచ్చినవే. కరోనా రోజుల్లో, జలుబు చేయకుండా ఉంటుందని మొదలుపెట్టించాడు. అప్పట్నుంచీ ఆమె రోజుకి రెండు, ఒక్కరోజూ మానకుండా మింగుతూనే ఉంది.

వెనక గది దాటి చాన్నాళ్ళకి కొట్లోకొచ్చిన చిన్మయి ఐరన్ డబ్బా మూత తిప్పింది. అప్పుడే అలమరలోంచి ఒక రాగి చెంబు కిందికి దిగింది. టంగుమని నేలని తాకి, దొర్లుకుంటూ వచ్చి ఆమె మడమకి ఆనుకుంది. ఆమె రెండడుగులు జరిగింది. చెంబూ జరిగింది. మేకుల మీది ఇనప పెనాల్లో ఒక్కటీ కదల్లేదు.

శేషాచలం కళ్ళజోడు సర్దుకుని అటు చూశాడు. "ఐరన్ వద్దు, మూత పెట్టు. నీకు తక్కువైంది రాగి."

"సరి నాయినా, అయితే రాగి బిళ్ళలు తెస్తా, ఇప్పుడే" అని కేదార్ బండి తాళాలు తీశాడు.

"ఆగరా. రాగి కావాలని చెంబుకి తెలుసు. ఎంత కావాలో దానికేం తెలుసు? ఎందుకు తగ్గిందో అంతకన్నా తెలీదు. తగ్గింది చెప్తాది గానీ ఎక్కువైంది చెప్పదు. ఒట్టి జింక్‌తో చేసిన పాత్ర ఈడ లేనే లేదు." ఆయన కూతురి వైపు తిరిగాడు. "రేపు పరగడుపున పోయి రక్తం ఇచ్చిరామ్మా. లెక్కల టీచరువి, అంకె లేకుండా బిళ్ళ మింగుతావా?"

ఆ మాట ఆమెకి సూటిగా తగిలింది. రెండేళ్ళకి పైగా ఒక్క అంకె కూడా అడక్కుండా మింగింది మరి.

మర్నాడు రక్తమిచ్చింది. నాలుగో రోజు కాగితాలు పట్టుకుని డాక్టరు మైత్రి దగ్గరికి పోయింది. ఒంగోలు నుంచి వచ్చి చెన్నైలో స్థిరపడిన నరాల డాక్టరు ఆమె. రాగి చెంబు దారంతా దొర్లుతూ వచ్చి, బస్సులో సీటు కింద కూర్చుని, ఇప్పుడు డాక్టరు బల్ల కింద ఆగింది. డాక్టరు దానికి కాలు తగలకుండా కుర్చీ జరుపుకుని కాగితం తిప్పింది.

"ఐరన్ నిల్వలు బాగానే ఉన్నాయండీ. జింక్ ఉండాల్సినదానికన్నా చాలా ఎక్కువుంది. రాగి బాగా పడిపోయింది. జింక్ ఎక్కువైతే పేగులు రాగిని లోపలికి రానివ్వవు. రక్తం తగ్గిందీ, నరాలు దెబ్బతిన్నదీ అందుకే. ఐరన్ మింగినా ఇది తగ్గేది కాదు."

"నా వేళ్ళు మళ్ళీ మామూలవుతాయా?"

"జింక్ ఈరోజే ఆపేయండి. రాగి నేను రాసినంతే వేసుకోండి, ఒక్క బిళ్ళ కూడా ఎక్కువ వద్దు. నెలనెలా పరీక్ష చేద్దాం. రక్తం తొందరగానే పుంజుకుంటుంది. నరాలు నిదానం. పూర్తిగా వస్తాయని మాటివ్వలేను. కానీ మీరు త్వరగానే వచ్చారు."

రాష్ట్ర పోటీలు డిసెంబరులో. ఐదున్నర నెలలుంది.

ఆ కాగితం చదివి కేదార్ గుండిగ మీద కూలబడ్డాడు. "నేనే కదక్కా నీకు ఇచ్చింది. నా చేతుల్తోనే."

"ఇచ్చింది నువ్వే. అడక్కుండా మింగింది నేను" అంది చిన్మయి. "ఏడ్చింది చాలు. లేచి ఎదర కూర్చో. నాకు ఆడేదానికి మనిషి కావాల."

అప్పట్నుంచి రోజూ పొద్దున్నే వాడు ఎదర కూర్చున్నాడు. మొదటి నెలంతా అక్కని ఓడించాడు. గెలిచిన ప్రతిసారీ తల దించుకునేవాడు. రెండో నెలలో ఆమెకి మెట్ల మీద ఆయాసం పోయింది. మూడో నెల పరీక్షలో రాగి అంకె సగం దారికొచ్చింది. చెంబు ఆమెని వీధి మలుపు దాకా మాత్రమే సాగనంపి వెనక్కి పోసాగింది. అక్టోబరు చివర్లో ఒకరోజు ఆమె బోర్డు మీద చెయ్యి పెట్టి ఉలిక్కిపడింది. వేలికొసకి పౌడరు గరుకు తగిలింది. మూడు కాయలు వరసగా వేసింది. కేదార్ ఓడి, గట్టిగా ఈల వేశాడు.

నవంబరు పరీక్షలో అంకెలన్నీ ఉండాల్సిన చోట ఉన్నాయి. చెంబు అలమరెక్కి కూర్చుంది, మళ్ళీ దిగలేదు. అదే వారం కేదార్ తన రక్తమూ చూపించుకున్నాడు. వాడికీ జింక్ ఎక్కువే. డబ్బాలన్నీ పక్కన పెట్టేశాడు. జిమ్‌లో ఎవరు బిళ్ళల గురించి అడిగినా, "మొదట పరీక్ష కాగితం తే, తర్వాత మాట్లాడదాం" అనడం మొదలుపెట్టాడు. ఇద్దరు అలిగి పోయారు. పదకొండు మంది కాగితాలు తెచ్చారు.

డిసెంబరులో ఫైనల్. ఎదర కూర్చుంది మదురైకి చెందిన ఇరవై రెండేళ్ళ అమ్మాయి కయల్‌విళి, పోయినేటి విజేత. చెరో ఆట గెలిచారు. మూడో ఆట చివరి బోర్డులో చిన్మయికి ఎర్ర కాయా, ఒక తెల్ల కాయా మిగిలాయి. ఆ అమ్మాయికి ఒక్క నల్ల కాయే. ఎర్రది వేసి, ఆ వెంటనే తెల్లదీ వేస్తేనే చిన్మయికి గెలుపు. ఎర్రది కుడి అంచుకి అతుక్కుని ఉంది. కొంచెం గట్టిగా కొడితే తిరిగొచ్చేస్తుంది, మెల్లగా కొడితే కదలనే కదలదు.

చిన్మయి స్ట్రైకర్ మీద వేలు పెట్టింది. హాల్లో ఫ్యాను గాలికి పౌడరు కదలడం కూడా చర్మానికి తెలిసింది. కొట్టింది. ఎర్రది అంచు వెంబడి సన్నగా జారి మూలలో పడింది. తెల్లదాన్ని చూసింది. అది ఎదురు మూల దగ్గర, నల్లదానికి రాసుకుని ఉంది. రెండోసారి కొట్టింది. నల్లది వణికింది గానీ కదల్లేదు. తెల్లది మూలలో పడి మాయమైంది.

జనంలోంచి కేదార్ అరుపు వినపడింది. శేషాచలం కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టాడు.

కయల్‌విళి బల్ల మీదుగా చెయ్యి చాపింది. "అక్కా, సూపర్‌క్కా" అంది. చిన్మయి ఆ చెయ్యి అందుకుంది. వెచ్చటి, చెమట పట్టిన ఆ చేతి ఐదు వేళ్ళూ ఆమెకి విడివిడిగా తెలిశాయి. ఆమె వెంటనే వదల్లేదు.